ఏ దేశపు నెలవంక?

"'చూశాను, బాగుంది.' ఈ మాట రాసింది నువ్వేనా, కాదా?"

షామా కంప్యూటర్‌ని బల్ల మీద గిర్రున తిప్పి నౌఫల్ ముందుకు తోసింది. హరీరా సూపు కోసం టమాటాలు తరుగుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

"నేనే రాశాను," అన్నాడు అల్లుడు. "అలాంటివి రోజూ రాస్తూనే ఉంటాను."

"రోజూ చదువుతూనే ఉంటావా?"

అతను లేచి కొళాయి తిప్పాడు. నోట్లోకి నీళ్లు పోకుండా పెదాలు బిగించి, చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. అంత మురికేం లేదు ఆ ముఖానికి.

హాజ్ అల్లాల్ ఇప్పుడే వెళ్లాడు. ఆయన లాగి విసిరిన వీధి తలుపు ఇంకా సరిగ్గా మూసుకోలేదు. మా తెత్వాన్ ఊరి నుంచి కొండ ఊళ్లకి వ్యాన్లు నడిపే మనిషి, మా వారికి స్నేహితుడు. మా గుమ్మంలో ఆయన గొంతు లేవడం ఇవాళ్టిదాకా నేనెప్పుడూ వినలేదు.

"చంద్రుడి కంటే ముందు మీ ఇంటికే కబురొచ్చిందా, లల్లా మెన్నానా?" అని, లల్లా అనే మర్యాద మాత్రం వదలకుండా, నన్నడిగాడు. "అయితే రేపటి ఉపవాసం నేనూ మానెయ్యనా!"

ఆయన కోపానికి కారణం ఉంది. రేపే పండగ అని, ఊరెళ్లేవాళ్లకి ఆయన అమ్మిన టికెట్ల మీద అచ్చయిపోయింది. ఇవాళ రమదాన్‌లో ఇరవై తొమ్మిదో రోజు. పొద్దుగూకాక కొండల మీద నిలబడ్డ పెద్దమనుషుల కంటికి నెలవంక కనబడితే రేపు పండగ. కనబడకపోతే రేపూ ఉపవాసమే. ఆ మాట టీవీలో చెప్పేదాకా ఈ దేశంలో పండగ ఎప్పుడో ఎవరూ ఖాయంగా అనరు. ఉయ్యాల్లో పిల్ల కూడా అనదు. అలాంటిది హాజ్ అల్లాల్ టికెట్లు అనేశాయి.

ఆ టికెట్లకి తేదీలిచ్చేది హిలాల్. హిలాల్ నా కూతురిది.

హిలాల్ అంటే ఏమిటని వీధిలో ఆడవాళ్లడిగితే, పులిసిన పిండి ముద్ద అనుకోండి అంటాను నేను. మన ఇంట్లో పులిసిన పిండిలోంచి పక్కింటావిడకి ఓ ముద్ద తీసిస్తాం. ఆవిడ దాన్ని తన పిండిలో కలుపుకుని తన రొట్టె కాల్చుకుంటుంది. డబ్బడగం. ఇదీ అంతే. యాప్‌లు చేసేవాళ్లకి రమదాన్ ఎప్పుడు, పండగ ఎప్పుడు అని లెక్క చెప్పే ముద్ద. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా విప్పి చూడొచ్చు, బాగుచేసి తిరిగి పంపొచ్చు. ఓపెన్ సోర్స్ అంటారు వీళ్లు.

ముద్ద మంచిదే. అడిగేవాళ్లే లేకపోయారు. షామా ఏళ్ల తరబడి చేసినదాన్ని ఊరికి చూపించే పని నౌఫల్ తలకెత్తుకున్నాడు. కాలేజీలకి వెళ్లి చెప్పాడు. చిన్న చిన్న వీడియోలు తీశాడు. తెలియక తిక్క ప్రశ్నలు వేసినవాళ్లకి కూడా విసుక్కోకుండా జవాబిచ్చాడు. మెచ్చినవాళ్లు దాని పేజీ మీద ఒక నక్షత్రం గుర్తు పెట్టి పోతారట. పొద్దున్నే చుక్కలు ఎన్ని పెరిగాయో చూసుకుని ఆ పిల్లాడు వంటింట్లోకొచ్చి నన్ను పట్టుకుని తిప్పేవాడు.

ఇప్పుడు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"నౌఫల్, నిన్నే," అంది షామా.

"వింటున్నాను."

"ఇక్కడ చూడు. 'ఎవరూ దేశం పేరు చెప్పకపోతే గల్ఫ్ లెక్క వాడు' అని ఉంది. ఈ లైను వదూద్ పంపాడు. కింద నీ మాట. దాని కింద నేను ఒప్పుకున్నట్టు నా పేరు."

"మరి ఒప్పుకున్నదెవరు? నొక్కిన వేలు ఎవరిది?"

"నువ్వు చూశానన్నావని నొక్కాను!"

"నువ్వెలాగూ మళ్లీ చూస్తావని నేను రాశాను!"

ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారు. ఇంట్లో రెండు తాళంచెవులుంటే తలుపు తెరిచే ఉండిపోతుందని మా అమ్మ అనేది. నీ దగ్గరుందని నేను, నా దగ్గరుందని నువ్వు.

"ముందు ఇది ఉండేదే కాదు," అంది షామా, ఈసారి గొంతు తగ్గించి. "ఏ దేశపు నెలవంక అని చెప్పనిదే హిలాల్ తేదీ ఇచ్చేది కాదు. అడిగేది. అడగడమే దాని పని."

"ఆ అడగడం దగ్గరే అందరూ వెనక్కి పోయేవాళ్లు. ఎన్నిసార్లు చెప్పాను నీకు? అతిథి గుమ్మంలో కాలు పెట్టాడో లేదో 'నువ్వెవరి తాలూకు' అని నిలదీస్తే లోపలికెవడొస్తాడు? 'ఒక్క లైను రాస్తే చాలు, తేదీ మీ చేతిలో.' ఆ మాటకే కదా వచ్చారు ఇంతమంది!"

"వచ్చారు. తప్పు తేదీ పట్టుకుపోయారు."

"తప్పో కాదో ఇంకా తేలలేదు," అన్నాడు నౌఫల్. "పొద్దుగూకనీ."

ఆ మాట నాకు నచ్చలేదు. తప్పు చేసినవాడి నోట 'నేను కాదు' అని వస్తుంది, లేకపోతే 'నేనే' అని వస్తుంది. 'పొద్దుగూకనీ' అంటే ఏమిటి?

---

ఆరిన బట్టలు తీద్దామని మేడ మీదికి వెళ్లాను. నౌఫల్ అప్పటికే అక్కడున్నాడు. దుప్పట్ల అవతల నిలబడి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. నాకు అతని కాళ్లే కనబడుతున్నాయి.

"సాయంత్రం దాకా ఆపుతాను," అంటున్నాడు. "నా మాట వింటుంది. అప్పటికి అదే సర్దుకుంటుంది."

నేను దగ్గాను. కాళ్లు గిరుక్కున తిరిగాయి.

"హాజ్ అల్లాల్‌తోనండీ, లల్లా," అన్నాడు దుప్పటి తప్పించుకుని వచ్చి. నేను అడగకుండానే అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

"హాజ్ చల్లబడ్డాడా బాబూ?"

"చల్లబడతాడు. వట్టి కడుపు కోపం. ఖర్జూరం నోట్లో పడితే అంతా పోతుంది."

"ఎవరిని ఆపుతానంటున్నావు?"

అతను దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టాడు. మూలకి మూల కలిపి, చేత్తో సాపు చేసి. నా అల్లుడు ఇంటిపనికి వెనకాడే మనిషి కాదు. కానీ ఆ దుప్పటి ఇంకా తడిగానే ఉంది.

"షామాని," అన్నాడు చివరికి, చాలా మెల్లగా. "ఇప్పుడే లోకానికంతా చాటింపు వేస్తానంటుంది. హిలాల్ తప్పు చెప్పిందని. ఇవాళ నెలవంక కనబడిందే అనుకోండి, గల్ఫ్‌లోనూ ఇక్కడా పండగ ఒకటే రోజు. ఒక్కరికీ నష్టం లేదు. ఎవరికీ తెలియను కూడా తెలియదు. పండగ వెళ్లాక నింపాదిగా సరిచేసుకోవచ్చు. ఇప్పుడు నోరు తెరిస్తే వచ్చినవాళ్లంతా పోతారు. ఒకసారి పోయినవాళ్లు మళ్లీ రారు, లల్లా."

"అది నాకు తెలుసు," అన్నాను.

నాకు తెలిసింది ఇంకోటి కూడా ఉంది. వెళ్లేవాళ్లు ముందు గొంతు తగ్గిస్తారు. మా వారు పని వెతుక్కుంటూ సబ్తా సరిహద్దు దాటిన పొద్దున ఎంత మెల్లగా మాట్లాడారో! మా చెల్లెలు ఆఖరిసారి ఈ మేడ మెట్లు దిగుతూ అంతే మెల్లగా 'వస్తానక్కా' అంది. అరుచుకుంటున్నంతసేపు ఎవరూ ఎక్కడికీ పోరు.

నౌఫల్ ఇవాళ అరవడం మానేశాడు.

"నీ దోహా ప్రయాణం ఎప్పుడు బాబూ?" అన్నాను, బట్టలు ఏరుకుంటూ, ఏమీ ఎరగనట్టు.

అతని చేతిలో మడత జారింది. "పండగ అయ్యాక. ఎందుకు?"

"ఏం లేదు. చొక్కాలు ఇస్త్రీ చెయ్యాలి కదా అని."

---

కిందికి వచ్చేసరికి షామా టకటకా రాస్తోంది. తేనెలో ముంచిన షెబాకియా మిఠాయిల పళ్లెం మీద ఈగ తిరుగుతున్నా తోలడం లేదు.

"ఆ వదూద్ ఎవరే?" అన్నాను పక్కన కూర్చుని.

"తెలియదమ్మా."

"తెలియకుండా ఇంట్లోకి రానిచ్చావా?"

"మా ఇంట్లోకి అందరూ అలాగే వస్తారు. ముఖం చూసి రానివ్వం. పని చూసి రానిస్తాం." ఆగింది. "పని చూసి రానివ్వాలి."

"అతనికి మనమీద ఏదైనా పగా?"

"పగేమీ లేదు. వాళ్ల దేశంలో లెక్క ముందే కడతారు. కంటితో చూసేదాకా ఆగడం అతనికి వింత. తన ఊళ్లో ఏది సబబో అదే రాశాడు. చాలా పొడుగ్గా పంపాడు, అన్నీ మంచి మార్పులే. మధ్యలో ఈ ఒక్క లైను. గల్ఫ్‌లో వాడేవాళ్లకి ఇది తేలికవుతుందని కూడా రాశాడు, దాచలేదు." షామా నా వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నాకు అతనిమీద అనుమానం లేదమ్మా."

మరి ఎవరిమీద అని నేను అడగలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది.

నౌఫల్ మడత పెట్టిన తడి దుప్పటి తెచ్చి కుర్చీ మీద పెట్టాడు. భార్య భుజం మీదుగా తెరవైపు చూశాడు.

"రాసేశావా?"

"రాశాను. తప్పు దిద్దాను కూడా. ఇకనుంచి దేశం చెప్పకపోతే హిలాల్ తేదీ ఇవ్వదు. ముందులాగే అడుగుతుంది."

"అంటే నా ఒక్క లైను పోయింది."

"రెండు లైన్లు రాస్తే ఎవరి చేతులూ పడిపోవు."

"నీకు తెలియదు షామా, నిజంగా నీకు తెలియదు. కొత్తవాడు మనకిచ్చేది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో వాడికి ఏదో ఒకటి కనబడాలి. లేకపోతే వాడు ఇంకో దుకాణం చూసుకుంటాడు. నువ్వు లోపల కూర్చుని నేస్తావు. వీధిలో నిలబడి కేకలేసేది నేను!"

"గల్ఫ్‌లో వీధి పెద్దదని తెలుసులే. ఆ వీధివాళ్లు పెరిగాకే కదా దోహా సభలో మాట్లాడమని నీకు పిలుపొచ్చింది."

పొయ్యి మీద హరీరా బుడబుడమంటోంది.

"ఏమంటున్నావు నువ్వు?" అన్నాడు నౌఫల్.

"ఏమీ అనడం లేదు. నువ్వు చూడాలి దీన్ని. రెండో మనిషి చూసి సరేననందే హిలాల్ నుంచి ఏదీ బయటికి పోదు. మనమే పెట్టుకున్న కట్టుబాటు. కూర్చో. ఈసారి మొదటి అక్షరం నుంచి చదువు. పైకి చదువు, అమ్మ కూడా వింటుంది."

అతను కూర్చున్నాడు. ఎండిన నోటితో చదివాడు. పదాలు పెదాలకి అంటుకుంటున్నాయి. హిలాల్ వాడే అందరికీ అని మొదలైంది. దేశం పేరు చెప్పని చోట గల్ఫ్ లెక్క ప్రకారం తేదీ ఇచ్చాం, అలా చేస్తున్నామని మీకు చెప్పలేదు. ఈ సాయంత్రం నెలవంక కనబడినా కనబడకపోయినా ఇది తప్పే. ఈ మార్పుని నేను చదవకుండా ఒప్పుకున్నాను. క్షమించండి. కింద షామా పేరు.

నౌఫల్ ఇంకా ఏదో ఉందేమోనని తెరని కిందికి జరిపాడు. ఏమీ లేదు.

"ఇది సగమే నిజం," అన్నాడు.

"ఏ సగం లేదు?"

"నేను. నా పేరు లేదు. నేను కూడా చదవలేదని రాయి. తప్పు ఇద్దరిదీ. నీ ఒక్కదాని నెత్తిన వేసుకుంటే నేనేదో తప్పించుకున్నట్టు ఉంటుంది."

నా గుండె కాస్త కుదుటపడింది. మంచివాడే, నేనే ఊరికే అనుమానించాను అనుకున్నాను. షామా ముఖం చూసేసరికి ఆ కుదురు పోయింది.

"నేను చదవలేదు. అది నాకు తెలుసు, అందుకని రాశాను," అంది. "నువ్వు చదవలేదో, చదివి ఊరుకున్నావో నాకు తెలియదు. తెలియనిది రాయను."

నౌఫల్ నోరు తెరిచాడు.

"చెప్పు," అంది షామా. "ఇప్పుడే చెప్తే ఇప్పుడే రాస్తాను. చదవలేదను, చదవలేదని రాస్తాను. నీ మాటే చాలు."

వీధిలో ఎవరో రొట్టెల పళ్లెం నెత్తిన పెట్టుకుని ఊరుమ్మడి పొయ్యి దగ్గర్నుంచి పరిగెడుతున్నారు. 'తప్పుకోండి, తప్పుకోండి' అనే కేక దూరమైపోయింది.

నౌఫల్ చెయ్యి చాపి, ఒక్క మీట నొక్కాడు. సరేనన్న గుర్తు పడింది. దాని పక్కన ఇదివరకులా 'చూశాను, బాగుంది' అని రాయలేదు.

"పంపించు," అన్నాడు.

షామా పంపించింది. బయట ఇంకా ఎండ గోడల పైఅంచు మీద ఉంది.

---

కబుర్లు వెంటనే మొదలయ్యాయి. ఫోన్ బల్ల మీద బొంగరంలా వణుకుతూనే ఉంది. నాకు చదవడం పెద్దయ్యాక, పత్రికల కాగితం పొట్లాలు విప్పి నేర్చుకున్నదే. మెల్లగా చదువుతాను. అయినా కొన్ని చదివాను. ఒకడు 'నిజం చెప్పినందుకు సంతోషం' అన్నాడు. ఇంకొకడు 'పండగ ముందురోజా చెప్పేది?' అన్నాడు. ఎవరో ఏమీ అనకుండా, తమ యాప్‌లోంచి హిలాల్‌ని తీసేశామని మాత్రం రాశారు. అలాంటివి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వెళ్లేవాళ్లు చెప్పి వెళ్లడం కూడా ఒక మర్యాదే అనుకోవాలి.

హాజ్ అల్లాల్ ఫోన్ చేశాడు. "తప్పని ఊరంతా చాటేశారా? ఇందాకేగా నీ అల్లుడు సాయంత్రానికి అంతా సర్దుకుంటుందన్నాడు! మీ ఇంట్లో ఎవరి మాట నమ్మాలి, లల్లా?"

నాకేం తెలుసు ఎవరి మాట నమ్మాలో. మేడ మీద మాట్లాడింది ఈయనతోనేనన్నది మాత్రం నిజమైంది. ఒక అనుమానం తీరింది. దాని కింద ఇంకొకటి బయటపడింది. అంత ధీమాగా సర్దుకుంటుందని చెప్పగలిగినవాడు, ఆ లైనుని ఇవాళే మొదటిసారి చూసినవాడేనా?

ఉపవాసం విడిచే సైరన్ మోగింది. ఖర్జూరాలు పంచాను. ముగ్గురం బిస్మిల్లా అనుకుని నోట్లో వేసుకున్నాం. హరీరా గిన్నెల్లో పోశాను. ఎవరూ ఎవరివైపూ చూడడం లేదు. నౌఫల్ చెంచా గిన్నెలో తిప్పుతున్నాడు, తాగడం లేదు.

"ఉప్పు తక్కువైందా?" అన్నాను.

"బాగుంది, లల్లా."

"రుచి చూడకుండానే బాగుందంటాడమ్మా. అలవాటు," అంది షామా.

ఇంకోసారైతే ముగ్గురం నవ్వేవాళ్లం. నౌఫల్ చెంచా కింద పెట్టాడు.

"షామా, నేను ఆ లైను..." అన్నాడు.

టీవీలో ప్రకటన మొదలైంది. షామా చెయ్యెత్తి అతన్ని ఆపింది. ముగ్గురం తెరవైపు తిరిగాం. చదివేవాడు దేవుడి పేరు తలుచుకున్నాడు, పలానా రోజు అన్నాడు, పలానా ఊళ్ల నుంచి అన్నాడు, ఎంతకీ అసలు మాటకి రాడే! నా చేతిలో రొట్టెముక్క నలిగి పొడైపోయింది.

నెలవంక కనబడింది. రేపే పండగ.

వీధి మొత్తం ఒక్కసారి లేచింది. మేడల మీద ఆడవాళ్లు నాలుక తిప్పుతూ కూతలు పెట్టారు. పిల్లలు పరిగెత్తారు. హాజ్ అల్లాల్ టికెట్లు ఒప్పు. గల్ఫ్ లెక్క ఒప్పు. ఒక్క ప్రయాణికుడికీ ఒక్క గంట ఆలస్యం కాదు. షామా పంపిన ఆ మాట ఒక్కటి పంపకుండా ఉంటే, ఈ ఇంట్లో ఏదో జరిగిందని ఈ లోకంలో ఎవరికీ తెలిసేది కాదు.

షామా కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. తర్వాత నవ్విందో ఏడ్చిందో, ముఖం రెండు చేతుల్లో దాచుకుంది.

"షామా! ఓ షామా! మబ్రూక్! కిటికీ తియ్యవే!" ఎదురింటి రహ్మా అటునుంచి గోల చేస్తోంది. "నెలవంక మీ మాటే విందే తల్లీ!"

షామా చెంపలు తుడుచుకుని లేచి, కిటికీ తలుపులు బార్లా తెరిచింది. వీధి చప్పుడంతా ఇంట్లోకి పడింది. ఆమె బయటికి వంగి రహ్మాకి పండగ శుభాకాంక్షలు అరిచి చెబుతోంది.

నౌఫల్ గిన్నెలోకే చూస్తున్నాడు. ఇప్పుడతనికి ఏ భయమూ లేదు. చంద్రుడే సాక్ష్యం చెప్పి విడిపించాడు. ఇక నోరు విప్పాల్సిన పనే లేదు.

"చదివాను," అన్నాడు.

గొంతు చాలా మెల్లగా ఉంది.

"ఆ లైను చదివాను. మన దగ్గర కుదరదని తెలుసు. పండగలోపు చెబుదామనుకున్నాను. జనం పెరుగుతుంటే..." ఆగాడు. "పెరుగుతుంటే చెప్పబుద్ధి కాలేదు."

కిటికీ దగ్గర షామా నవ్వుతోంది, చాలా రోజుల తర్వాత. ఆమె వినలేదు. అతను తలెత్తి, ఆమె వీపు చూసి, ఆ సంగతి గ్రహించాడు. అప్పుడు నా వైపు చూశాడు. మళ్లీ చెప్పే బలం అతనికి మిగిలిందా అని ఆ ముఖంలో వెతికాను.

షామా కిటికీ మూసి ఇటు తిరిగింది.

"నేను కిటికీ దగ్గరుండగా నువ్వేదో అన్నట్టుంది," అంది మొగుడితో. అతను మళ్లీ గిన్నెవైపు తల వంచాడు. ఆమె కళ్లు మెల్లగా నా మీదికి వచ్చి ఆగాయి.

"అమ్మా, నువ్వు పక్కనే ఉన్నావు కదా. ఏమన్నాడు?"